మాఫీ ముష్కిల్

మా బావ మొండయ్యను గొర్రెల దొంగ అన్నారు. పుట్టు కురుమ. నడక రాకముందే గొర్రెపిల్ల మెడ పట్టుకుని లేచి నిలబడ్డవాడు. ఊళ్లో ఎవరి జీవం తప్పిపోయినా వెతికి వాళ్ల దొడ్లోకి తోలి వచ్చేవాడే తప్ప, తనది కాని బొచ్చు వెంట్రుక ఒక్కటి ముట్టని మనిషి. అట్లాంటి మనిషిని మా జిల్లావాడే, మా యాసలో మాట్లాడేవాడే, పదిమంది ముందు నిలబెట్టి దొంగను చేశాడు. ఇది జరిగింది పోయిన ఖర్జూరం సీజన్లో, సౌదీలో బురైదా పక్కన. ఇప్పటికీ తల్చుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కొంచెం మెల్లగా చెప్పు యాదగిరీ అంటారు అందరూ. మెల్లగా చెప్పడం నాకు రాదు.

ఆ ఖర్జూరం తోటలో నేను నీళ్ల ట్యాంకర్ నడుపుతాను. తోటను అక్కడ మజ్రా అంటారు. మజ్రా యజమాని ముసలాయన, అందరం బాబా అని పిలుస్తాం. పెత్తనమంతా కొడుకుది. కొడుకును ముదీర్ అంటాం, అంటే మేనేజర్ అని. ముదీర్‌కూ మాకూ నడుమ లింబాద్రి ఉండేవాడు. ఫోర్మన్. మీసాలు మొలిచే వయసులో వచ్చి అక్కడే నెత్తి నెరిసినవాడు. అరబ్బీ గడగడా మాట్లాడతాడు. ముదీర్ ఏమన్నాడో లింబాద్రి చెబితేనే మాకు తెలియాలి, మేమేమన్నామో లింబాద్రి చెబితేనే ముదీర్‌కు తెలియాలి. మా అందరి నోళ్లూ ఆయన జేబులో ఉండేవి. ఆ సంగతి మాకు తెలియక కాదు. అరబ్బీ నేర్చుకునే బాధ తప్పింది కదా అని ఊరుకున్నాం.

ప్రతి ఏడూ కోతలు అయిపోయిన మర్నాడు బాబా మాకందరికీ అన్నం పెడతాడు. పెద్ద పళ్లేల్లో అన్నం, దాని మీద మాంసం. తినేముందు ముదీర్ లేచి, ఎవరికైనా ఏమైనా ఇబ్బంది ఉందా అని అడుగుతాడు. లింబాద్రి మా వైపు తిరిగి కూడా చూడడు. "మాఫీ ముష్కిల్" అంటాడు. ఏ ఇబ్బందీ లేదు అని. ముదీర్ తల ఊపుతాడు, మేం పళ్లెంలో చెయ్యి పెడతాం. ఏడాదికోసారి మాకు నోరిచ్చే రోజు అట్లా గడిచిపోయేది.

బావ ఉండేది మజ్రాలో కాదు. చెట్లు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఒక రేకుల షెడ్డు, ఒక నీళ్ల తొట్టి, బావ కాసే బాబా గొర్రెల మంద. నజ్దీ గొర్రెలు. ఒళ్లంతా నలుపు, మొహం ఒక్కటే తెలుపు. ఆ తొట్టి నింపే పని నాదే కాబట్టి మందలో బావను పలకరించే మనిషినీ నేనే.

కోతలు మొదలైన కొత్తలో నీళ్లు తీసుకుపోతే, ఒక పొట్టేలు తెల్లటి మొహం మీద ఇంత పసుపు కనబడింది.

"ఏంది బావా ఇది?" అన్నాను ట్యాంకర్ దిగకుండానే.

"బండారి" అన్నాడు బావ, అదేదో అందరూ రోజూ చేసే పని అయినట్టు. "మీ అక్క పంపింది. మల్లన్నకు మొక్కిన. ఈ కోతలు కాంగనే నన్ను ఇంటికి తోలియ్యమని."

"పరాయోని జీవాన్ని మొక్కుడేంది? నీదా అది?"

"జీవం బాబాదే, నాదెట్లయితది? పేరు ఒక్కటే మల్లన్నది. రేపు ఎవడు కోసుకొని తిన్నా మల్లన్నకే ముడ్తది. నేనేమన్న ఇంటికి ఎత్తుకపోతున్ననా?"

మా దగ్గర దేవుడి పేరు మీద ఒక జీవాన్ని విడిచిపెడితే దాన్ని అమ్మరు, మొక్కు తీరేదాకా దాని మీద కత్తి పెట్టరు. ఊళ్లో అయితే ఇది మామూలు సంగతి. ఊరు కాని ఊళ్లో, పరాయివాడి మందలో, ఇంత పసుపూ దారమూ చూస్తే ఎవరేమనుకుంటారో అన్న జ్ఞానం ఉండొద్దా? నాకు కోపం ఆగలేదు. తిట్టాను. దగ్గరుండి ఆ బొట్టు తుడిపించాను. మెడలో పసుపు దారం కూడా ఉంది కానీ, అది బొచ్చులోపలికి పోయింది, ఎవరికి కనబడుతుందిలే అని బావ బతిమాలితే వదిలేశాను.

"పేరు గూడ పెట్టిన. మల్లడు" అన్నాడు.

ఆ రోజే నా ఫోన్లో వీడియో తియ్యమన్నాడు, అక్కకు పంపుదామని. షెడ్డు ముందు నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "హుర్ర్‌ర్‌ర్... దా దా దా దా" అని పిలిచాడు. ఎక్కడెక్కడో చెదిరి ఉన్న గొర్రెలన్నీ తలలెత్తాయి. కదిలి వచ్చాయి. అన్నిటికన్నా ముందు మల్లడు వచ్చి బావ మోకాలికి తలతో ఒక్కటిచ్చాడు. అది చూసి మా అక్క భాగ్యలక్ష్మి వెంటనే ఫోన్ చేసింది. "నన్ను ఒక్కనాడన్న గింత ప్రేమగ పిలిచినవా?" అని నవ్వింది. బావ సిగ్గుపడి ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.

తర్వాత కొన్ని రోజులకు పోతే మంద పలచగా ఉంది. బావ మొహం వాడిపోయింది.

"లింబాద్రన్న పికప్ ఏసుకొని వచ్చిండు. బాబాకు చుట్టాలొచ్చిన్రట, కోసెటందుకు జీవాలు కావాలన్నడు. మల్లణ్ణి గూడ ఎక్కించిండు. మొక్కినం అన్న, మెడల దారం జూపెట్టిన, కాళ్లు పట్టుకున్న, ఇది తప్ప ఏదన్న తీసుకపో అన్న. నవ్విండు."

"బాబా తిన్నా మల్లన్నకే ముడ్తది అంటివి గద?"

"ముడ్తది. కానీ నేను ఇంటికి పోకముందే ముట్టె. గదే నా పరేషాన్."

నేను నవ్వి ట్యాంకర్ స్టార్ట్ చేశాను. ఫోర్మన్ వచ్చి బాబాకు కావాలంటే ఎవరైనా ఇస్తారు. అందులో అనుమానపడాల్సింది ఏముందో ఇద్దరికీ తోచలేదు.

కోతలు జోరందుకున్నాక ఒక మధ్యాహ్నం మేమంతా షెడ్డులో సుక్కరీ రకం ఖర్జూరం కాయలు ఏరి డబ్బాల్లో పెడుతున్నాం. ముదీర్ కారు వచ్చి ఆగింది. లింబాద్రి దిగాడు. వెనక సీట్లోంచి బావను దించారు. మంద లెక్క చూశారట, గొర్రెలు తగ్గాయట. ముదీర్ మొహం ఎర్రగా ఉంది. అందరి ముందే అడగాలనుకున్నట్టున్నాడు, అందరికీ బుద్ధి రావాలని. అరబ్బీలో ఏదో అడిగాడు.

"గొర్రెలు నువ్వే అమ్ముకున్నవా అని అడుగుతుండు" అన్నాడు లింబాద్రి, తమ్ముడిని అడిగినంత మెత్తగా.

బావ నోరు తెరుచుకుని ఆయన వైపే చూశాడు. "నేనెందుకు అమ్ముకుంట? అన్నా, నువ్వే గద తీసుకపోయినవ్! బాబాకు చుట్టాలొచ్చిన్రని నువ్వే గద ఎక్కించుకపోయినవ్! జెప్పు ఆయనకు. నేను అమ్మలేదని జెప్పు."

లింబాద్రి ముదీర్ వైపు తిరిగాడు. "అయ్వా" అన్నాడు. తర్వాత ఇంకేదో పొడుగ్గా చెప్పాడు.

సౌదీలో దిగిన మొదటి రోజు ఎవడైనా నేర్చుకునేవి ఆ రెండు మాటలే. అయ్వా అంటే అవును. లా అంటే కాదు. ఆ షెడ్డులో అయ్వా అంటే తెలియనివాడు ఒక్కడూ లేడు. బావకు కూడా తెలుసు. మనిషి కొయ్యబారిపోయాడు. ముదీర్ లాగి చెంప మీద కొట్టాడు. నా చేతిలో డబ్బా జారి కాయలన్నీ నేలపాలయ్యాయి. లేచి ఏదో అనబోయాను. ఏమనాలి? నా అరబ్బీ నీళ్ల అరబ్బీ. నీళ్లు, ఖాళీ, రేపు, పద. అంతకు మించి నా దగ్గర ఏముంది? తెలుగులోనే అరిచాను. "అబద్ధం! ఆయన కాదన్నడు!" ముదీర్ నన్ను చూసి, లింబాద్రిని చూశాడు. లింబాద్రి నవ్వుతూ ఏదో చెప్పాడు. బామ్మర్ది కదా, బాధలో ఉన్నాడు, అని ఉంటాడు. పోలీసు బండి వచ్చింది. బావను తీసుకుపోయారు.

నేను అందరి మొహాలూ చూశాను. ఒక్కడూ తలెత్తలేదు. నా పక్కన కూర్చున్న శాంసన్, గోదావరి జిల్లా మనిషి, మోటార్లు బాగుచేస్తాడు, మెల్లగా నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"కూర్చోండి యాదగిరి గారూ. విన్నాం కదా అని అడ్డం పోతే మనల్నీ ఎక్కిస్తారు బండి. పిల్లలున్నోళ్ళం."

"మీరూ విన్నరు గద?"

"వినకేం. చెవుల్లేవా?" అన్నాడు, కింద పడ్డ కాయలు ఏరుతూ.

ఛీ, ఏం బతుకు అనిపించింది.

సాయంత్రం లింబాద్రే నా గదికి వచ్చాడు. చేతిలో టీ గ్లాసు. "నేనున్న గద, ఎందుకు భయపడ్తవ్? ఒప్పుకున్నడని జెప్పిన గాబట్టే తక్కువల పోతది. కాదంటే కేసు పొడుగు అయితుండె. నీ బావ మంచికే చేసిన" అన్నాడు. ఎంత నిబ్బరంగా అన్నాడంటే, ఒక్క క్షణం నిజమేనేమో అనుకున్నాను. ఆ ఒక్క క్షణం మీద నాకు ఇప్పటికీ కోపమే. గ్లాసు తీసుకుని బయట ఇసుకలో పారబోశాను.

అక్కకు చెప్పకుండా ఎన్నాళ్లు దాస్తాను? చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నా మొగుడు గొర్రెల దొంగనా? ఎవడన్నడు? ఆ లింబాద్రిగాడా? మా ఊరి పెండ్లికొచ్చి మా ఇంట్ల కూసొని తిన్నడు వాడు! నువ్వు ఆడ ఉండి ఏం జేస్తున్నవ్ర తమ్మీ?"

"నాకు భాష రాదక్కా."

"ఏడేండ్లాయె పోయి. నీళ్లు మోసుడే గాని నోరు నేర్సుకోలేదా?" అని ఫోన్ పెట్టేసింది. ఆ మాట చెంప మీద కొట్టినట్టే తగిలింది. పొద్దున లేచి చూస్తే వాట్సాప్‌లో బావ గొర్రెలను పిలిచే వీడియో పంపి ఉంది. నా ఫోన్లోంచి ఎప్పుడో తుడిచేశాను, తను దాచుకుంది. కింద ఒక్క మాట రాసింది. "ఇది దొంగ గొంతా?"

జైలు నుంచి బావ ఒక్కసారి ఫోన్ చెయ్యగలిగాడు. తిట్టుకోలేదు, ఏడవలేదు. "నేను జెప్పింది ముదీర్‌కు సమజ్ కాలేదా బామ్మర్దీ? ఇంకోసారి జెప్పిచ్చరాదు?" అని అడిగాడు. ఎవరితో చెప్పించమంటావు బావా అనలేకపోయాను.

రఫీ చెప్పకపోతే కథ అక్కడే ఆగిపోయేది. రఫీ బోధన్ మనిషి. మా మజ్రా కూలీ కాదు, బయటివాడు. సీజన్లో ఖర్జూరం డబ్బాలు అతని పికప్‌లోనే బురైదా మార్కెట్‌కు పోతాయి. అరబ్బీ బాగా వచ్చు. బావను పట్టుకుపోయిన నాడు అతను మార్కెట్లో ఉన్నాడు. తర్వాత ఒకరోజు డబ్బాలు ఎక్కించుకుంటూ, "యాదగిరి భాయ్, గొర్రెల సంతల ఒక పొట్టేలును జూసిన. ఒకడు మెడ పట్టి గుంజుతుంటే బొచ్చుల నుంచి పసుపు దారం బయటికొచ్చింది. మనోళ్లు కట్టే దారం తీరుగనే ఉంది. సౌదోళ్ల గొర్రెకు మన దారం ఎక్కడిది?" అన్నాడు.

ఉన్న చోటనే డబ్బా పడేసి, రఫీ చెయ్యి పట్టుకుని బాబా దగ్గరికి లాక్కుపోయాను.

బాబా ఒంటెల దగ్గర ఉన్నాడు. ముసలాయనకు తోట కన్నా ఒంటెలంటేనే ప్రాణం. వాటి పాక పక్కనే కూర్చుని పగలంతా వాటితోనే మాట్లాడుతుంటాడు. రఫీ చెబుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. మధ్యలో ఒక్కటే అడిగాడట, నా ఇంటికి చుట్టాలు ఎప్పుడు వచ్చారు అని. మర్నాడు పొద్దున నమాజ్ అయ్యాక సంతకు పోదాం అన్నాడు. కొడుకును కూడా రమ్మంటాను అన్నాడు. కొడుకు వస్తే లింబాద్రి కూడా వస్తాడని నేను ఆలోచించలేదు.

సంతలో ఎండ అప్పుడే మొదలైంది. రఫీ చూపించిన దొడ్డి దగ్గర నిలబడ్డాం. అన్నీ నజ్దీ గొర్రెలే, అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి. చెవుల నంబర్లు పీకేసి ఉన్నాయి. వ్యాపారి చేతులూపుతూ అరుస్తున్నాడు, ఇవన్నీ నావి, ఎక్కడివో మీకెందుకు అని. ముదీర్ విసుగ్గా గడియారం చూసుకున్నాడు. పక్కన లింబాద్రి.

నేను ఫోన్ తీసి సౌండ్ మొత్తం పెంచి, దొడ్డి కంచె మీదుగా పట్టుకున్నాను.

"హుర్ర్‌ర్‌ర్... దా దా దా దా."

బావ గొంతు. జైల్లో ఉన్నవాడి గొంతు సంతలో లేచింది. గుంపులోంచి కొన్ని తలలు లేచాయి, అన్నీ కాదు, కొన్నే. మిగతావి మేత మేస్తూనే ఉన్నాయి. ఆ కొన్నీ తోసుకుంటూ కంచె దగ్గరికి వచ్చాయి. ముందు మల్లడు. వచ్చి కంచె కడ్డీకి తలతో ఒక్కటిచ్చాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు అది.

అప్పుడు లింబాద్రి ముందుకు వచ్చాడు. గబగబా ఏదో చెబుతూ కంచెలోంచి చెయ్యి పెట్టి, అన్ని నల్ల గొర్రెల్లో మల్లడి మెడనే పట్టుకుని, బొచ్చు కిందికి వేళ్లు దూర్చి పసుపు దారం బయటికి లాగాడు.

"సిహ్ర్" అన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు.

"చేతబడి అంటుండు" అన్నాడు రఫీ నా చెవిలో. "మొండయ్య మంత్రం జేసి దారం గట్టిండట. అందుకే ఆ గొంతుకు వస్తున్నయట. యా అల్లా, ఇది దొంగతనం కంటే పెద్ద కేసు, భాయ్."

దొంగ కాదని చూపించిన సాక్ష్యంతోనే బావ మెడకు ఉరి పేనుతున్నాడు వీడు. మనిషేనా? కంచె దాటి మీద పడబోయాను. రఫీ నడుం పట్టి ఆపాడు.

బాబా ఆ దారాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. జేబులోంచి చాకు తీసి తెంపి జేబులో వేసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా మాట్లాడాడు. ఒక్కో మాటా రఫీ నాకు చెప్పాడు.

"నేను పిలిస్తే నా ఒంటె వస్తుంది. నేనూ మంత్రగాణ్ణేనా? కాపరి పిలిచాడు, గొర్రెలు వచ్చాయి. ఈ దారం పిచ్చి పని. ఇంకెప్పుడూ కట్టొద్దని అతనికి చెప్పండి. అది సరే. ఇన్ని గొర్రెల్లో ఈ ఒక్కదాని మెడలో దారం ఉందని నీకెలా తెలుసు, లింబాద్రీ? కాపరికి బండి లేదు. బురైదా దాకా వీటిని ఎవరు తెచ్చారు?"

లింబాద్రి కంచెలోంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వ్యాపారి నేల చూపులు చూస్తున్నాడు.

అయిపోయింది, దొరికాడు దొంగ, అనుకున్నాను. పిచ్చివాణ్ణి. ముదీర్ తన తండ్రిని పక్కకు తీసుకెళ్లి చాలాసేపు తగ్గు గొంతుతో మాట్లాడాడు. బాబా తల అడ్డంగా ఊపాడు, తర్వాత ఊపడం మానేశాడు. గొర్రెలను బండెక్కించారు. లింబాద్రి ముదీర్ కారులోనే, ముందు సీట్లోనే కూర్చుని వెళ్లిపోయాడు.

"ఏమాయె?" అని రఫీని పట్టుకుని ఊపాను.

"ముదీర్ ఏమన్నడంటే, కాపరి తన నోటితోనే అందరి ముందు ఒప్పుకున్నడు గద అన్నడు. ఇద్దరు కలిసే చేసి ఉంటరు అన్నడు. ఇప్పుడు లింబాద్రిని తీస్తే ఇంత మందితో కోత కోయించేదెవరు, కాయ చెట్టు మీదనే కరాబయితది, ఖర్జూరం అయినంక జూద్దం అన్నడు."

"అంటే ఖర్జూరం అయ్యేదాంక మా బావ జైల్ల ఉండాల్నా?"

రఫీ స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. "నేను ఆ దినం ఆడ లేకుంటి, భాయ్. నా మాట చెల్లదు, నీ మాట నేను తర్జుమా జేసినా నమ్మరు. నువ్వున్నవ్. నువ్వు జెప్పాలె."

కోతలు అయ్యేదాకా నేను ఎట్లా పని చేశానో నాకే తెలియదు. ఆ కాయను చూస్తే ఒళ్లు మండేది. చెట్టు మీద కాయ పాడుకాకూడదు, జైల్లో మనిషి పాడైనా ఫరవాలేదు. లింబాద్రి ఎప్పటిలాగే వచ్చేవాడు, అరిచేవాడు, కేకలేసేవాడు, నన్ను చూస్తే మాత్రం దారి మార్చేవాడు. నేను రోజూ ట్యాంకర్లో ఒక్కణ్ణే గట్టిగా అరబ్బీ చదువుకునేవాణ్ణి. ఎక్కువ కాదు. కొన్ని మాటలే. స్టీరింగ్ మీద గుద్దుతూ చదివేవాణ్ణి.

చివరి గెల దింపిన మర్నాడు బాబా అన్నం పెట్టాడు. షెడ్డులో పొడుగ్గా చాపలు పరిచారు. ఆవిర్లు కక్కుతూ పళ్లేలు వచ్చాయి. సంత నుంచి తెచ్చినప్పటి నుంచీ మల్లణ్ణి బాబా తన ఒంటెల పాక పక్కనే కట్టేసి ఉంచాడు. ఆ పొద్దున ట్యాంకర్ తీసుకుని అటు పోతే అక్కడ గుంజకు తాడొక్కటే ఉంది. ఆ పళ్లేల్లోకి ఏం వస్తుందో నాకు అర్థమైంది.

ముదీర్ లేచాడు. ప్రతి ఏడూ అడిగేదే అడిగాడు. లింబాద్రి ప్రతి ఏడూ చెప్పేదే చెప్పాడు.

"మాఫీ ముష్కిల్."

"ఫీ" అన్నాను నేను. ఉంది.

లేచి నిలబడ్డాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఫీ ముష్కిల్."

ముదీర్ అలవాటుగా లింబాద్రి వైపు చూశాడు. లింబాద్రి ఏదో అనబోయాడు. చాప చివర కూర్చున్న బాబా చెయ్యెత్తి ఆపాడు. ఆ చేతినే నా వైపు తిప్పాడు, చెప్పు అన్నట్టు.

"మొండయ్య కలాం లా" అన్నాను. మొండయ్య కాదన్నాడు. వేలు చాపి చూపించాను. "లింబాద్రి కలాం అయ్వా."

అంతే నాకు వచ్చింది. వ్యాకరణం ఉందో లేదో నాకు తెలియదు. బాబాకు అర్థమైంది, ఆయన మొహం చూస్తే తెలిసింది. ముదీర్ మా అందరినీ చూసి ఏదో అడిగాడు. ఎవరు విన్నారు అని. అది కూడా ఎవరూ తర్జుమా చెయ్యకుండానే మాకు తెలిసింది.

అన్నం ఆవిర్లు పోతూనే ఉన్నాయి. తలలన్నీ మళ్లీ కిందికే. నేను ఒక్కొక్కడినీ చూస్తున్నాను. నోట్లో నాలుక లేని దద్దమ్మలారా, చెవులు కూడా లేవా అని అరవబోతున్నాను.

"అనా" అని ఒక గొంతు వినబడింది. నేను అని. శాంసన్. కూర్చున్నవాడు కూర్చున్నట్టే చెయ్యెత్తాడు.

అవతలి చాప మీద నుంచి ఒక బంగ్లాదేశీ లేచాడు. "అనా." వాడి పక్కవాడు. మా కోరుట్లవాళ్లు ఇద్దరు. "అనా. అనా." చెట్లెక్కేవాళ్లు, కాయలేరేవాళ్లు, డబ్బాలు మోసేవాళ్లు. లింబాద్రి ముదీర్‌కు వివరించడానికి నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు. అందులో తర్జుమా చెయ్యాల్సింది ఏమీ లేదు.

అప్పుడు కూర్చుని, పళ్లెంలోంచి ఒక ముద్ద తీసి కళ్లకద్దుకుని తిన్నాను. మొక్కు నాది కాదు. అయినా తిన్నాను.

ఇంతటితో న్యాయం జరిగిందని అనుకునేరు. కేసు వెనక్కి తీసుకున్నారు, నిజమే. లింబాద్రిని పోలీసులకు మాత్రం ఇవ్వలేదు. బయట తెలిస్తే పరువు పోతుంది అన్నాడు ముదీర్. ఎగ్జిట్ కొట్టి, అంటే వీసా రద్దు ముద్ర వేయించి, ఇంటికి పంపించాడు. మా బావకు కూడా అదే ఎగ్జిట్ కొట్టించాడు. ఒకసారి పోలీసుల దాకా పోయినవాడు మళ్లీ మందలో వద్దన్నాడు. దొంగకూ అదే ముద్ర, దొంగ కానివాడికీ అదే ముద్ర. బాబా ఒక్క మాట అడ్డం చెప్పలేదు. మంచివాడే ముసలాయన. కానీ ఆ మంచితనం ఒంటెల పాక దాకానే.

బావను విమానం ఎక్కించే ముందు ఎయిర్‌పోర్ట్ గేటు బయట కొంచెంసేపు మాట్లాడనిచ్చారు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. అక్కను అడగలేదు, పిల్లలను అడగలేదు.

"మల్లడేడి?" అన్నాడు.

"తిన్నం. బాబా కోయించిండు. అందరం తిన్నం. బాబా తిన్నడు, ముదీర్ తిన్నడు, ఆ లింబాద్రిగాడు గూడ తిన్నడు."

బావ మొహం తేటపడింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "ముట్టింది బామ్మర్దీ. కోతలు కాంగనే ఇంటికి తోలియ్యమని మొక్కిన. తోలిచ్చిండు."

నాకు ఒళ్లు తెలియలేదు. అంతమందిలో అరిచేశాను. "దొంగలెక్క ముద్రేసి తోలియ్యమని మొక్కినవా? చెంపదెబ్బ కొట్టిచ్చి తోలియ్యమని మొక్కినవా?"

"అది నేను మొక్కుల జెప్పలే" అన్నాడు బావ. "జెప్పాలని నాకు ఎర్క లేకపాయె."

అని నవ్వాడు. సంచీ భుజాన వేసుకుని లోపలికి నడిచాడు. నేను నవ్వలేదు. మజ్రాకు తిరిగొచ్చేసరికి కొత్త ఫోర్మన్ దిగాడు, ముదీర్ నన్ను ఏదో అడుగుతుంటే నా బదులు చెప్పడానికి నోరు తెరుస్తున్నాడు. ట్యాంకర్ ఆపి దిగి, వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.